మోకాళ్ల నొప్పుల పొట్లం

పదకొండేళ్లు ప్రతి పొద్దునా గురువు మణికట్టు పట్టుకున్న సుంకన్న, పన్నెండో యేట గురువుకే ఎదురు తిరిగాడు. తిరిగాడంటే గొణుక్కోవడం, మొహం మాడ్చుకోవడం కాదు. తకియా వాకిట్లో నిలబడి, "మీ కట్టుబాటులో ఏది తప్పినానో చెప్పండి తాతా" అని నిలదీశాడు.

గురువు పేరు బుడన్ షా. ఫకీరు, నాడి చూసి మందిచ్చే హకీము కూడా. ఊరికి మైలు దూరంలో, కొండ కింద ఫకీర్లు మకాం ఉండే చిన్న తకియాలో ఉండేవాడు. ఒక మట్టి గది, ఒక ఈతచాప, మందులు నూరే నల్లరాతి కల్వం, ఒక మేక. అంతకు మించి ఆయనకేమీ లేదు.

సుంకన్న ఆయన దగ్గరికి కట్టెలమోపు మోసుకొచ్చిన రోజున వాడికి పదిహేడేళ్లు. మోపు దించి, అలవాటు ప్రకారం పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. ఎవరి ముందు ఎంత దూరంలో నిలబడాలో వాడి పేటలో పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు, నడక వచ్చేసరికి అదీ వచ్చేస్తుంది. బుడన్ షా వాణ్ణి దగ్గరికి రమ్మని తన చెయ్యి చాపాడు. "మూడు వేళ్లు ఇక్కడ పెట్టు. ఏం వినపడుతుందో చెప్పు" అన్నాడు. తన పేట వాళ్లది కాని చెయ్యి సుంకన్న పట్టుకోవడం అదే మొదలు. వాడికేమీ వినపడలేదు. ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచీ అదే పాఠం. తెల్లారి నమాజు కాగానే ఆయన చెయ్యి చాపుతాడు, వీడు మూడు వేళ్లు పెడతాడు. రాత్రి ఏం తిన్నాడు, నిద్ర పట్టిందా, కడుపు ఎట్లా ఉంది, అన్నీ వేళ్లతోనే తెలుసుకుని చెప్పాలి. ఏళ్లు గడిచాక సుంకన్న తప్పు లేకుండా చెప్పేవాడు. రెండేళ్ల కిందట ఒక పొద్దున వాడి వేళ్లు తడబడ్డాయి. గురువు నాడి నాలుగు కొట్టి ఒకటి మింగింది. మళ్లీ నాలుగు, మళ్లీ ఒకటి మింగింది. సుంకన్న మొహం చూసి బుడన్ షా నవ్వాడు.

"దొరికిందా? ఇంక నీకు నేర్పేది సగమే మిగిలింది" అన్నాడు.

తకియాలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కొత్త మందు ఏది చేసినా నూరినవాడే ముందు మింగాలి. నలభై రోజులు మింగి, బతికి బట్టకడితే, అప్పుడు ఇంకొకరి సంగతి.

పన్నెండో యేడు వానలు తగ్గాక సుంకన్నకు కొండలో ఒక చెట్టు బెరడు దొరికింది. చెట్టు పేరు నేను చెప్పను. చెబితే రేపు తెల్లారేసరికి గొడ్డలి పట్టుకుని బయల్దేరే మహానుభావులు మనలోనే ఉన్నారు. ఆ బెరడును ఎండబెట్టి నూరితే ఎర్రటి పొడి అయింది. అది కడుపులో పడితే ఒళ్లు కాగుతుంది, ఆకలి చస్తుంది, పొట్ట కరుగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. అది చెప్పడానికి సుంకన్న సిగ్గుపడ్డాడు గానీ, వాడి పెళ్లాం లచ్చుమక్క బోరింగు కాడ ముసిముసిగా నవ్వుకోవడం చూసిన ఆడవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆడవాళ్ల నోట పడ్డాక మగవాళ్ల చెవిన పడకుండా ఉంటుందా.

కానీ మగవాడు మగతనం తగ్గిందని ఒప్పుకుంటాడా? చచ్చినా ఒప్పుకోడు. ఒకాయన జీతగాణ్ణి పంపి, మోకాళ్ల నొప్పులకు ఆ ఎర్రపొడి కావాలని అడిగించాడు. సుంకన్న ఇచ్చాడు. పది రోజులకు ఆ మోకాళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని కబురొచ్చింది. ఇంక చూడండి, చుట్టుపక్కల పది ఊళ్లలో బొజ్జ ఉన్న ప్రతివాడికీ మోకాళ్ల నొప్పులే.

ఏ ఒక్కడూ తానుగా రాలేదు. వచ్చేది జీతగాళ్లు. గుడ్డసంచి నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరుగుతారు. సుంకన్న పైనుంచి పొట్లం అందులో పడేస్తాడు. సంచి తీసుకుని పోతారు. చేతికి చెయ్యి తగలదు. ఆ ఊళ్లో వాడి వాళ్లకు మంచినీళ్లు పోసేదీ అట్లాగే, ఎత్తు నుంచి దోసిట్లోకి. కాకపోతే ఇప్పుడు పైన నిలబడినవాడు సుంకన్న. అది వాడికి మహా బాగుంది.

అందరికన్నా ముదిరిన మోకాళ్ల నొప్పులు చెన్నరాయుడివి. ఊరికి పెద్ద. యాభై నాలుగేళ్లు. ముందు పొట్ట నడిస్తే వెనక ఆయన నడుస్తాడు. మొదటి భార్య పోయి రెండేళ్లయింది. పోయిన నెలలోనే ఇరవై ఆరేళ్ల పిల్లను కట్టుకున్నాడు. ఆయన జీతగాడు ఎల్లప్ప మూడోసారి సంచి తెచ్చినప్పుడు గొంతు తగ్గించాడు.

"దొర పూటకు రెండు పొట్లాలు మింగుతాండాడు సుంకన్నా. నిద్ర లేదు. ఈ చలిలో కూడా చెమటలు. ఇంకా ఘాటుగా ఉంటే ఇయ్యమన్నాడు."

సుంకన్న నవ్వి, పొట్లంలో ఇంకో గరిటె పొడి వేసి సంచిలోకి వదిలాడు. ఎల్లప్ప వెళ్లిపోయాడు.

మేకకు ఆకు వేస్తున్న బుడన్ షా అంతా విన్నాడు. "ఇంక ఆపు" అన్నాడు.

అదిగో, అప్పుడు తిరగబడ్డాడు సుంకన్న.

"ఎందుకు ఆపాల? నూరినోడే ముందు మింగాలన్నారు. నలభై రోజులు మింగినా. నాకేమైనా అయిందా? గుండ్రాయి లెక్క ఉండా. మీ కట్టుబాటులో ఏది తప్పినానో చెప్పండి తాతా."

బుడన్ షా మేక మెడ నిమిరాడు.

"మా నాయన చెప్పులు చేత పట్టుకుని నడిచిన వీధి అది. ఆ వీధి దొరలు ఇప్పుడు నా కాడికి మనుషుల్ని తోలుతాండారు, ఇంకా ఇయ్యి సుంకన్నా అని. పదకొండేళ్లు మీ కాడ నేర్చుకున్నా. ఒక్కడు నన్ను వైద్యుడా అన్నాడా? ఈ పొడి వచ్చినాకనే నా పేరు తెలిసింది వాళ్లకు. దీన్ని ఆపను. మీరు చెప్పినా ఆపను."

బుడన్ షా కోప్పడలేదు. ఆకులు దులిపి లోపలికి వెళ్లాడు. సుంకన్నకు కోపం ఇంకా పెరిగింది. తిట్టినా బాగుండేది, కాదని వాదించవచ్చు. మాట్లాడనివాడితో ఎవడు గెలుస్తాడు?

మర్నాడు తెల్లారి సుంకన్న చాప మీద కూర్చుని ఎప్పటిలాగే మూడు వేళ్లు సిద్ధం చేసుకున్నాడు. ఎంత కోపమున్నా పాఠం పాఠమే. బుడన్ షా నమాజు ముగించి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చెయ్యి చాపలేదు. రెండు చేతులూ కంబళిలోనే పెట్టుకున్నాడు. పదకొండేళ్లలో అట్లా ఎన్నడూ జరగలేదు.

"పొట్లం ఒకటియ్యి" అన్నాడు. "నాకూ మోకాళ్ల నొప్పులు."

సుంకన్న నవ్వాడు. ఆయన నవ్వలేదు. వేళాకోళమే అయి ఉంటుందని పొట్లం ఇచ్చాడు. బుడన్ షా దాన్ని విప్పి, పొడంతా మేకపాల గిన్నెలో పోసి వేలితో కలిపాడు. పాలు ఎర్రబడ్డాయి. బిస్మిల్లా అని గిన్నె నోటి దగ్గరికి ఎత్తాడు.

సుంకన్న గిన్నె లాగి పారేశాడు. పాలు చాప మీదా, ఆయన గడ్డం మీదా పడ్డాయి.

"చచ్చిపోతారు తాతా."

"నువ్వు నలభై రోజులు తాగినావు. చావలేదే?"

"నా గుండె వేరు. మీది నాలుగు కొట్టి ఒకటి తప్పుతుంది. ఈ మందు దాన్ని ఉరికిస్తుంది. మీరు తట్టుకోలేరు."

"నీకెట్ల తెలుసు?"

"రోజూ పట్టుకుంటాండానే. నాకు తెలీదా?"

బుడన్ షా కంబళి కొసతో గడ్డం తుడుచుకున్నాడు.

"రాయుడిది ఎన్ని కొట్టి ఒకటి తప్పుతుంది?"

పూటకు రెండు పొట్లాలు, చలిలో చెమటలు, నిన్న వేసిన ఇంకో గరిటె, అన్నీ ఒక్కసారిగా సుంకన్నకు గుర్తొచ్చాయి. చెప్పులైనా వేసుకోకుండా ఊరివైపు పరుగెత్తాడు.

చెన్నరాయుడు పంచలో ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉన్నాడు. మార్గశిరం చలికి ఎల్లప్ప దుప్పటి కప్పుకుని పక్కన నిలబడితే, దొర ఒంటి మీద చొక్కా లేదు, ఛాతీ అంతా చెమట. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సుంకన్నను చూడగానే వాటికి ప్రాణం లేచొచ్చింది.

"నువ్వే తెచ్చినావా? ఆ అరుగు కింద పెట్టి పో."

"మందు తేలేదు దొరా. నిన్న ఇచ్చింది కూడా మింగొద్దు. ముందు మీ చెయ్యి చూడాల."

"ఎవరి చెయ్యి?"

"మీదే."

రాయుడు ఎల్లప్ప వైపు చూసి నవ్వాడు. ఎల్లప్పకు నవ్వాలో వద్దో తెలియక తల దించుకున్నాడు.

"నీ మందు తింటాండానని నెత్తికెక్కుతాండావా సుంకా? మీ తాత ఈ వాకిట్లో తల ఎత్తలేదు. నువ్వు నన్ను ముట్టుకుంటావా?"

సుంకన్న మెట్టు కింద ఉన్నాడు. వాడి కాళ్లు అక్కడ ఆగడం పుట్టుకతో నేర్చుకున్నవి. వాటిని కదిలించడానికి కొంచెంసేపు పట్టింది. మెట్టెక్కాడు. ఇంకో మెట్టెక్కాడు. పంచలో రాయుడికి ఎదురుగా నిలబడ్డాడు.

"బెరడు కొట్టింది ఈ చేత్తోనే. నూరింది ఈ చేత్తోనే. పొట్లం కట్టింది ఈ చేత్తోనే. అది మీ కడుపులో దాకా పోయింది. మణికట్టు కాడికి వస్తే మైలపడతారా?"

"దిగు" అన్నాడు రాయుడు. "దిగకపోతే ఈ ఊళ్లో నీ ఇల్లు ఉండదు."

"ఇల్లు పీకించండి. చెయ్యి చూసినాక దిగుతా. నేనిచ్చిన మందు మిమ్మల్ని చంపుతాందేమో నాకు తెలియాల. చెయ్యి ఇయ్యనోనికి మందియ్యను. ఈరోజు నుంచి ఎవరికీ ఇయ్యను."

రాయుడు కొట్టడానికే లేచినట్టున్నాడు. సగం లేచి, ఛాతీ పట్టుకుని, ఉయ్యాల గొలుసు ఆసరాతో కూలబడ్డాడు. మొహం పాలిపోయింది. తలుపు వెనక గాజులు కదిలిన చప్పుడైంది. ఆయన వగరుస్తున్న చప్పుడొకటే వినపడుతోంది.

చివరికి రాయుడు భుజం మీది కండువా తీసి, మణికట్టు మీద కప్పి, మొహం అటు తిప్పుకుని చెయ్యి చాపాడు.

"దీని మీదనుంచి చూడు."

"గుడ్డకు నాడి ఉండదు దొరా" అన్నాడు సుంకన్న.

కండువా కాసేపు అట్లాగే ఉంది. తర్వాత రాయుడే దాన్ని లాగి కింద పడేశాడు.

సుంకన్న మూడు వేళ్లు పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆ నాడి లెక్కకు అందలేదు. ఉరుకుతోంది, తడబడుతోంది, ఆగుతోంది, మళ్లీ ఉరుకుతోంది. తాను నలభై రోజులు మింగినప్పుడు ఇట్లా లేదు. తన చేత్తో నూరిందే ఆ ఒంట్లో ఇట్లా పరుగెడుతోందని వాడికి తెలిసింది. అయినా వదల్లేదు. కళ్లు తెరిచేసరికి రాయుడు వాడి మొహంలోకే చూస్తున్నాడు. పదిహేడేళ్లప్పుడు తనకు వచ్చిన ఏడుపే సుంకన్నకు రాయుడి కళ్లలో కనపడింది.

"బతుకుతానా?" అన్నాడు రాయుడు.

"ఇప్పుడే పెద్దాసుపత్రికి పోతే బతుకుతారు. ఏం మింగినారో దాచొద్దు. మోకాళ్ల నొప్పులని చెప్పొద్దు. నేనూ వస్తా, పొడి నాదేనని నేనే చెప్తా" అన్నాడు సుంకన్న. జీపు వచ్చేదాకా ఆ మణికట్టు పట్టుకునే కూర్చున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం వాడు తకియాకు తిరిగొచ్చాడు. బుడన్ షా మేకకు ఆకు వేస్తున్నాడు. సుంకన్న ముందుగా లోపలికి వెళ్లి, మిగిలిన ఎర్రపొడంతా తెచ్చి పొయ్యిలో పోశాడు. మండి ఘాటుగా వాసనొచ్చింది. ఇద్దరూ దగ్గారు.

"ఉండాడా?" అన్నాడు బుడన్ షా.

"ఉండాడు. నాలుగు రోజుల్లో ఇంటికి తోలుతారంట." సుంకన్న కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంకా చానా చేతులుండాయి తాతా. పది ఊళ్లలో. అన్నీ చూసి రావాల."

"ఇయ్యకపోతే?"

"ఇచ్చేదాకా పంచలో నిలబడతా. కింద నిలబడను."

బుడన్ షా కంబళి పక్కకు జరిపి చెయ్యి బయటికి తీశాడు.

"అయితే ముందు ఇది చూసి పో."

సుంకన్న చాప మీద కూర్చుని మూడు వేళ్లు పెట్టాడు. నాలుగు కొట్టింది. ఐదో దాని కోసం కళ్లు మూసుకుని కాచుకున్నాడు.