ఏ వరసలో తప్పింది

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. ఇక్కడ సూరత్‌లో మన గోడకు అవతల మగ్గాలు కరెంటుతో నడుస్తాయి. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఇది చేతిమగ్గం మీద, ఉప్పాడలో జరిగింది. మా అమ్మ చెప్పినట్టే చెబుతాను. ఎక్కడైనా మాట అటూ ఇటూ అయితే ఆ పొరపాటు నాది.

సోమలింగం గారు చూపు మందగించేదాకా చీరలు నేసి, తర్వాత తన ఇంటి అరుగు మీద నలుగురికి తత్వం చెబుతూ ఉండేవారు. అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. శిష్యుల్లో సత్తిరాజు అనే అతను కాకినాడలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. ఒకనాడు అతను కొంచెం ఎకసెక్కంగానే అడిగాడు.

"మొగుడూ పెళ్లాం విడిపోతామంటే, కోర్టుకెక్కకండి, మీలో మీరే తేల్చుకోండి అంటారు మీరు. తప్పెవరిదో తేలకుండా విడిపోతే అదేం న్యాయమండీ?"

"రేపు పొద్దున్నే రా. లోవరాజు ఇంటికి వెళ్దాం" అన్నారాయన.

లోవరాజు, నూకరత్నం విడిపోవాలని నిశ్చయించుకుని అప్పటికి నెల దాటింది. అయినా రోజూ ఒకే మగ్గం మీద కూర్చుంటున్నారు. ఉప్పాడ చీర ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, చెరో సగంలో పువ్వు దారాలను చేత్తో దూర్చాలి. మొదలుపెట్టిన చీరకు ఇంకా మూర మిగిలి ఉంది. వాళ్లకు మంగ అని ఆరేళ్ల కూతురు. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నదొక్కటే తేలలేదు.

గురుశిష్యులు వెళ్లేసరికి లోవరాజు చిన్నాన్న అప్పలరాజు చేతిలో ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కోర్టులో వెయ్యడానికి రాయించిన అర్జీ అది. లోవరాజు సంతకం ఒక్కటే తక్కువ.

"మీరు తత్వాలు చెప్పుకోండి గురువుగారూ. ఇది లా" అన్నాడు అప్పలరాజు.

"నాకు లా తెలీదు నాయనా. అర్జీ పెట్టేది లోవరాజు కదా, అతన్నే పైకి చదవమను. ఆ అమ్మాయి పక్కనే ఉంది, వింటుంది."

లోవరాజు ఎడమ చేత్తో కాగితం పట్టుకుని, కుడి చేత్తో దారం దూరుస్తూ చదవసాగాడు. పెళ్లి తేదీ చదివాడు. ఊరి పేరు చదివాడు. ఆ తర్వాత, తన భార్య నడవడి మంచిది కాదనీ, అలాంటి తల్లి దగ్గర ఆడపిల్ల పెరగకూడదనీ రాసి ఉంది. ఆ వాక్యం సగంలో అతను చదవడం ఆపాడు. చెయ్యి మాత్రం ఆగలేదు.

"ఆగు మావా" అంది నూకరత్నం, చీర మీంచి చూపు తిప్పకుండానే. "మూడు వరసల కిందట తప్పింది. పువ్వు ఒరిగిపోతంది."

అతను కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు. ఇద్దరూ వంగి, అతను అటు నుంచి, ఆమె ఇటు నుంచి, ఒక్కో పోగూ వెనక్కి తీయసాగారు.

సత్తిరాజు ఉండబట్టలేకపోయాడు. "తప్పు నీ సగంలోనా అమ్మా, అతని సగంలోనా?"

"మగ్గం మీద అది అడగరండీ. ఏ వరసలో తప్పిందో చూత్తారు. అక్కడిదాకా ఇద్దరూ ఇప్పాల్సిందే."

మూడు వరసలూ విప్పడం అయింది. అప్పుడు లోవరాజు కాగితం మడిచి చిన్నాన్న చేతిలో పెట్టాడు.

"ఇందులో రాసిన ఆడమనిషి నాకు తెలీదు చిన్నాన్నా. ఈవిడ గురించైతే ఇంకేదైనా రాయించు."

"సంతకం పెట్టకపోతే పిల్ల పోతాదిరా, ఎర్రిబాగులోడా!"

నూకరత్నం తలెత్తింది. "పిల్ల ఎక్కడికీ పోదు చినమావయ్యా. నేనే పోతన్నాను. నేను చెడ్డదాన్నని ఆయన రుజువు చెయ్యక్కర్లేదు, ఆయన చెడ్డోడని నేనూ చెప్పను. నాకీ ఇంట్లో ఊపిరాడట్లేదు. నా ఊపిరికి సాక్షులు కావాలా?"

"ఎక్కడికి పోతావు?" అన్నాడు అప్పలరాజు.

"నాలుగిళ్ల అవతల గది మాటాడుకున్నాను."

"ఇడిపోయినోళ్లు ఒకే ఈధిలోనా! జనం నవ్వుతారు."

"నవ్వనీ. పిల్ల నడిచొచ్చే దూరం అది. జనం కోసం చూసుకున్నది కాదు."

లోవరాజు దారం అందుకున్నాడు. "మంగ నీకాడే పడుకుంటాది. బడి వదిలాక ముందు నాకాడికి రావాలి. అన్నం నేను పెడతాను."

"పెట్టు. పప్పులో ఉప్పు ఒక్కసారే ఎయ్యి."

అతనికి నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు గానీ, అతని దారం వచ్చేదాకా తన దారం ఆపింది.

వాళ్లు మళ్లీ కలిసిపోయారని కథ ముగిస్తే మీకు నచ్చేదేమో. కలవలేదు. శుక్రవారం చీర పూర్తిచేసి మగ్గం మీంచి దింపారు. శనివారం ఆమె తన రాట్నం తీసుకుని నాలుగిళ్ల అవతలికి వెళ్లింది. చట్టం అడిగే ముద్ర కోసం తర్వాత ఇద్దరూ ఒకే బస్సులో కోర్టుకు వెళ్లారు, పోట్లాడటానికి కాదు, తాము తేల్చుకున్నది చెప్పడానికి. ఒక్క మాట దాచకూడదు: భార్య మీద చెయ్యెత్తే ఇల్లయితే సోమలింగం గారు మగ్గం దగ్గర అర్జీ చదివించేవారు కాదు, ఆమెను స్వయంగా పోలీసుల దగ్గరికి తీసుకెళ్లేవారు. మా అమ్మ ఈ మాట ఎప్పుడూ వదిలేది కాదు.

అర్జీ చదివిన రోజు లోవరాజు ఇంటి నుంచి తిరిగి వస్తూ సత్తిరాజు మళ్లీ పట్టుకున్నాడు. "అంతా బాగానే ఉంది గానండీ, చివరికి తప్పెవరిదో తేలలేదు కదా?"

"శుక్రవారం చీర దింపుతారు. వెళ్లి, వాళ్లు విప్పి మళ్లీ నేసిన చోటు ఎక్కడుందో వెతుకు. కనిపిస్తే నాకు చెప్పు" అన్నారు సోమలింగం గారు.

పిల్లలూ, రేపు మీ ఎదుట ఎవరైనా ఒకరిని చెడ్డవాళ్లని కాగితం మీద రాసి సంతకం అడిగితే, సంతకం పెట్టకండి. ఈ కథ చెప్పండి.