నూకరాజు గెలిచిన కప్పు

విశాఖ సముద్రపు ఒడ్డున ఇసుకలో బంతి తన్నుతూ పెరిగిన నూకరాజు ఫుట్‌బాల్ చక్కగా ఆడేవాడు కానీ, ఓటమిని మాత్రం అస్సలు తట్టుకోలేకపోయేవాడు. కాలేజీ జట్టు ఓడిన రోజున ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ఇంట్లో అన్నం ముట్టేవాడు కాదు. ఆ పంతమే అతన్ని రాష్ట్ర జట్టు దాకా తీసుకువెళ్ళింది. అక్కడ కొన్నాళ్ళు ఆడాక, ఒక పోటీలో మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది.

అతను చదివిన కాలేజీవాళ్ళే పిలిచి కోచ్ ఉద్యోగం ఇచ్చారు. నూకరాజు ఒళ్ళు దాచుకోకుండా నేర్పేవాడు. ఎవరికైనా దెబ్బ తగిలితే తానే ఆసుపత్రికి తీసుకువెళ్ళేవాడు. అయినా జిల్లా కాలేజీల కప్పు ఏటా చేతిదాకా వచ్చి జారిపోయేది.

ఒక సంవత్సరం ఎల్లాజీ అనే కుర్రవాడు జట్టులోకి వచ్చాడు. సెలవు రోజుల్లో తండ్రితో చేపల వేటకు వెళ్ళేవాడు. పడవ ఒడ్డుకు చేరగానే తడిబట్టలతోనే ఆటకు పరుగెత్తుకొచ్చేవాడు. ఎడమపక్క నుంచి అతను బంతితో బయలుదేరితే ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు. అతని వల్లే కాలేజీ ఫైనల్‌కు చేరింది.

ఆ వారంలోనే రాష్ట్ర జట్టు కోచ్ సుందరంగారు ఫోన్ చేశారు. ఒకప్పుడు నూకరాజుకు ఆట నేర్పింది ఆయనే.

“మీ ఎల్లాజీ ఆట చూశానోయ్. శనివారం విజయవాడలో రాష్ట్ర జూనియర్ జట్టు ఎంపికలున్నాయి. కుర్రవాణ్ణి పంపించు,” అన్నారు.

ఫైనల్ కూడా ఆ శనివారమే. నూకరాజు తటపటాయించాడు.

“వాడికి చీలమండ బెణికిందండి. నడవలేకపోతున్నాడు,” అన్నాడు.

“అయ్యో పాపం! జాగ్రత్తగా చూసుకో,” అని ఆయన ఫోన్ పెట్టేశారు.

నూకరాజు ఆ సంగతి ఎల్లాజీకి చెప్పలేదు. ‘ఇంత ఆటగాడికి అవకాశాలకేం తక్కువ?’ అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఫైనల్లో ఎల్లాజీ రెండు గోల్స్ వేశాడు. కప్పు వచ్చింది. కుర్రవాళ్ళు నూకరాజును భుజాల మీదికి ఎత్తుకున్నారు. ప్రిన్సిపాల్‌గారు దండ వేశారు. మర్నాడు పేపర్లో ఎల్లాజీ ఫొటో పడింది.

సోమవారం సాయంత్రం సుందరంగారు నేరుగా మైదానానికి వచ్చి ఎల్లాజీని పిలిచారు.

“కాలు ఎలా ఉంది బాబూ?”

“నా కాలికేమైంది సార్? బాగానే ఉంది.”

“చీలమండ బెణికిందని మీ కోచ్ చెబితే, రాష్ట్ర జట్టు ఎంపికలకు నువ్వు రాలేవనుకున్నాను.” ఆయన నూకరాజు వైపు తిరిగారు. “జట్టు ఖాయమైపోయింది. వచ్చే ఏడు వీడికి వయసు దాటిపోతుంది. ఆ సంగతి నీకు తెలియదూ?”

నూకరాజు తల దించుకున్నాడు. ఎల్లాజీ చేతిలోని బంతిని కింద పెట్టాడు.

“నన్నడగాల్సింది సార్. ఫైనలే ఆడతాననేవాణ్ణేమో,” అన్నాడు నూకరాజుతో.

మర్నాటి నుంచి అతను ఆటకు రాలేదు. నూకరాజు వాళ్ళింటికి వెళ్ళి క్షమించమన్నాడు. ఎల్లాజీ కూర్చోబెట్టి టీ ఇచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు.

“మళ్ళీ ఆడవా?” అని అడిగాడు నూకరాజు.

“పడవ పనుంది సార్,” అన్నాడు ఎల్లాజీ. అంతే. చదువు పూర్తయ్యేదాకా, ఆ తరువాతా, మళ్ళీ బంతి ముట్టలేదు.

రెండేళ్ళ తరువాత కాలేజీ మళ్ళీ ఫైనల్‌కు వచ్చింది. సరిగ్గా ఆ ఫైనల్ రోజుకే గోల్‌కీపర్ సింహాద్రికి రాష్ట్ర జట్టు నుంచి పిలుపొచ్చింది. ఫోన్ పెట్టేసిన వెంటనే నూకరాజు అతన్ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు.

“మన ఫైనల్ ఏమవుతుంది సార్?” అన్నాడు సింహాద్రి.

“అది నేను చూసుకుంటాను. నీకేం కావాలో నువ్వు చూసుకో.”

సింహాద్రి విజయవాడ బస్సెక్కాడు. కాలేజీ మూడు గోల్స్ తేడాతో ఓడిపోయింది.

“చేతికందిన కప్పు పోగొట్టావేమయ్యా!” అని ప్రిన్సిపాల్‌గారు విసుక్కున్నారు.

“కప్పు కోసం వచ్చే ఏడు మళ్ళీ ఆడతాం సార్. వాడికి ఈ పిలుపు మళ్ళీ రాదు,” అన్నాడు నూకరాజు. ఆ రోజు ఇంటికి వెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాడు.

నీతి: శిష్యుడికి వచ్చిన అవకాశాన్ని తన గెలుపు కోసం దాచినవాడికి కప్పు దక్కుతుందేమో గానీ, గురువన్న పేరు దక్కదు.