వరహాలమ్మ వానపాములు

కూర్మనాథంగారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినదంతా కళ్ళు మూసుకుని వింటారు, తల పంకిస్తారు, ఆ తర్వాత అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. మనసు నిలకడ గురించి నేనొకసారి అడిగిన పాపానికి, భీమిలి రేవులో ఓ జాలరి వలకి చిక్కులు తీస్తూ ఎండలో కూర్చోవలసి వచ్చింది. అప్పటినుంచి నేను వినడానికే వెళ్తున్నాను. సాయంత్రాలు ఆయన తన పెంకుటింటి వరండాలో ఉపనిషత్తు చదువుతూ ఉంటే సముద్రం మీదనుంచి తడిగాలి వచ్చి పుస్తకంలో పేజీలు తిప్పేస్తుంది. గాలి తిప్పిన చోటినుంచే ఆయన చదువుకుపోతారు. మాకెవరికీ అభ్యంతరం ఉండదు.

ఆ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునే శిష్యురాలు వరహాలమ్మ. బస్టాండు పక్కన మెస్సు నడుపుతుంది. భర్త పోయాక ఆ పొయ్యిని నమ్ముకునే కూతురు పావనిని పెంచింది, చదివించింది. ఇక ఆమె వడ్డన సంగతి తిన్నవాళ్ళకే తెలుసు. చాలు అన్న మాట ఆమె చెవికి ఎక్కదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తుంది. పావనికి విశాఖపట్నంలో ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రోజూ బస్సులో వెళ్ళి రాగల దూరమే అయినా ఆ పిల్ల అక్కడే హాస్టల్లో చేరిపోయింది. తల్లి ఊరుకుంటుందా? తెలిసిన కండక్టరు చేత రోజూ క్యారియర్ పంపేది. మొదట్లో అది సగం ఖాళీ అయి తిరిగొచ్చేది. పోనుపోను మూత కూడా తియ్యకుండా రావడం మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే పనుందమ్మా అని పెట్టేసేది. ఇంటి గుమ్మం తొక్కడమే మానేసింది.

"ఏం తక్కువ సేసేను అయ్యగారూ?" అని అడిగింది వరహాలమ్మ ఒక సాయంత్రం. "నోరు తెరిసి అడక్కముందే అన్నీ ఇచ్చేను. ఉన్న ఒక్క పిల్లా నా దగ్గిర్నించి పారిపోయింది. నా పెంపకంలో లోపమేటి?"

మేమంతా తలలు దించుకున్నాం. అందరం ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళమే. కూర్మనాథంగారు ఎప్పటిలాగే తల పంకించి, ఇంట్లో మూతున్న పాత ప్లాస్టిక్ టబ్బు ఏమైనా ఉందా అని అడిగారు.

మర్నాడు పొద్దున్నే ఆయనే ఆమె ఇంటికి వెళ్ళారు. నేనూ వెంట ఉన్నాను. టబ్బు అడుగునా పక్కలకూ సన్నటి బెజ్జాలు పెట్టించి, పెరట్లో నీడపట్టున ఇటుకల మీద దాన్ని నిలబెట్టించారు. కొబ్బరిపీచు పొట్టూ, చింపిన పాత పేపర్లూ నీళ్ళలో తడిపి, పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి మాత్రం ఉండేలా పిండి, ఆమె చేతనే మెత్తటి పరుపులా పరిపించారు. మాగిన పేడ గుప్పెడు కలిపించారు. తర్వాత తన పెరటి తొట్టిలోంచి తెచ్చిన ఎర్రటి వానపాముల్ని దోసిట్లోంచి ఆ పరుపు మీదకి జార్చారు. వెలుగు తగలగానే అవన్నీ మెలికలు తిరుగుతూ లోపలికి దిగిపోయాయి. పైన తడి గోనెపట్టా కప్పారు. కూరగాయల తొక్కులు గుప్పెడు తెచ్చి ఒక మూల పూడ్చమన్నారు. అది పూర్తిగా అరిగాకే మళ్ళీ ఇంకో గుప్పెడు. ఉప్పూ కారం నూనె తగలకూడదు, వండినది వెయ్యకూడదు. అంతే చెప్పి వచ్చేశారు.

గుప్పెడు తొక్కులా! వరహాలమ్మకి మనసొప్పలేదు. ఇంత మెస్సు పెట్టుకుని, తన పెరట్లో ఉన్న ప్రాణులకి తొక్కులు పడెయ్యడమా? ఆ టబ్బులో ఎన్ని నోళ్ళున్నాయో, అవి చీకట్లో ఏం తింటున్నాయో అని ఆమెకి నిద్ర పట్టేది కాదు. మొదట తొక్కులు రెట్టింపు చేసింది. తర్వాత మాగిన అరటిపళ్ళు వేసింది. ఆ పైన చెప్తే మీరు నవ్వుతారు, నేనూ నవ్వాను. ముద్దపప్పూ నెయ్యీ వేసి అన్నం కలిపి, రుచికి చెంచాడు ఆవకాయ కూడా తగిలించి, పసిపిల్లకి పెట్టినట్టు చిన్నచిన్న ముద్దలు చేసి వరసగా అమర్చింది. పూటకోసారి గోనె ఎత్తి, తింటున్నాయో లేదో అని చూసుకుంది.

ఒక పొద్దున ఆమె గురువుగారి వాకిట్లో నిలబడి ఏడుస్తోంది. వానపాములన్నీ టబ్బు గోడలెక్కి, మూత సందుల్లోంచి బయటపడి, నాపరాళ్ళ మీద తూము వైపు పాక్కుంటూ పోతున్నాయట. కొన్ని దారిలోనే ఎండిపోయాయట. నోరులేని పురుగులు కూడా నా దగ్గర ఉండవా అయ్యగారూ అంటూ ఆమె కూలబడిపోతే నాకు నవ్వు రాలేదు. అంతకుముందు నవ్వినందుకు సిగ్గేసింది.

మేము వెళ్ళేసరికి టబ్బు పుల్లటి కంపు కొడుతోంది. కూర్మనాథంగారు అందులో చెయ్యి పెట్టి, ఆమెనీ పెట్టమన్నారు. జ్వరమొచ్చిన బిడ్డ నుదురులా లోపలంతా వేడిగా ఉంది. వరహాలమ్మ చెయ్యి తియ్యలేక అలాగే ఉండిపోయింది.

"ఇవి మిమ్మల్ని వదిలి పోలేదమ్మా," అన్నారాయన. "ఊపిరాడక బయటికొచ్చాయి."

కుళ్ళిన అన్నమంతా తీయించారు. కొత్త పరుపు తయారుచేయించి, ప్రాణంతో ఉన్నవాటిని తడిచేత్తో ఏరి అందులోకి చేర్పించారు. ఇప్పుడేం పెట్టమంటారు అని ఆమె అడిగితే, ఆ పరుపే అరిగేదాకా ఏమీ పెట్టొద్దన్నారు. గోనె ఎత్తి చూడొద్దనీ అన్నారు. మరేం చెయ్యమంటారంటే, పక్కన కూర్చోమన్నారు.

ఆమెకి ఇంతకన్నా కష్టమైన పని ఎవరూ చెప్పి ఉండరు. మెస్సులో మధ్యాహ్నం వడ్డన అయ్యాక వచ్చి టబ్బు పక్కన పీట వేసుకుని, ఒళ్ళో ఖాళీ చేతులు పెట్టుకుని కూర్చునేది. సరుగుడు తోటల్లోంచి గాలి హోరు వచ్చేది. ఎండ గోడ మీదనుంచి మెల్లగా దిగి, కుంకుడు చెట్టు మొదట్లో పడుకునేది. అలా చాలాసేపు కూర్చుంటే గోనె కిందనుంచి ఒక సవ్వడి వినిపిస్తుందని ఆమే మాకు చెప్పింది. చినుకు మొదలయ్యే ముందు ఆకుల్లో పుట్టే సవ్వడిలాంటిదట. ఒక మధ్యాహ్నం ఆ సవ్వడి వింటూనే కునుకు పట్టి, తనూ మట్టిలోకి దిగిపోయినట్టు కల వచ్చిందట. లోపలంతా చల్లటి చీకటి. ఎవరూ ఎవర్నీ పిలవడం లేదు, ఎవరికీ ఏమీ వడ్డించక్కర్లేదు. చేతులున్నాయో లేవో కూడా తెలియలేదట. అంత సుఖంగా ఎప్పుడూ నిద్రపోలేదని, ఏదో తప్పు చేసినదానిలా చెప్పింది.

ఆ కలలోంచి లేచేసరికి క్యారియర్ తీసుకెళ్ళే సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది. ఆ రోజు క్యారియర్ వెళ్ళలేదు. మర్నాటినుంచి కావాలనే పంపలేదు. అది ఎంత బాధో ఆమె మొహం చూసినవాళ్ళకి తెలుసు. ఆ పై వారం పావనే ఫోన్ చేసింది. తనంతట తను చెయ్యడం అదే మొదలు. ఒంట్లో బాగాలేదా అమ్మా, క్యారియర్ రావడం లేదేం అని అడిగింది. వరహాలమ్మకి పులిహోర దగ్గర్నుంచి బొబ్బట్ల దాకా అన్నీ నాలుక చివరికి వచ్చాయి. కొంగు నోట్లో కుక్కుకుని, బాగానే ఉన్నానే అని మాత్రం అంది. ఈసారి పావని ఫోన్ పెట్టెయ్యలేదు. తర్వాత ఆ పిల్ల ల్యాబు గురించీ, హాస్టలు మేడ మీదనుంచి కనిపించే ఓడల గురించీ చెప్పడం మొదలుపెట్టింది. తల్లి వింటూ కూర్చుంది. కూతురి గొంతు అంత మెత్తగా ఉంటుందని తనకి తెలియదని ఆ సాయంత్రం వరండాలో మాతో అంది.

వానలు వెళ్ళాక ఒక ఆదివారం పావని వచ్చింది. ఎరువు చూడమని వరహాలమ్మ పిలిస్తే గురువుగారూ నేనూ అప్పటికే పెరట్లో ఉన్నాం. టబ్బులో కాఫీపొడిలా నల్లటి మట్టి, తొలకరి వాసన. ఆ పిల్ల కూడా మా పక్కన చతికిలబడి, వేలితో మట్టి కదిపి చూసి నవ్వింది. వంటింట్లోంచి ఏ పిలుపూ రాలేదు. పొయ్యి మీద అన్నం, చారు మాత్రం ఉన్నాయని నాకు తెలుసు. పొద్దు ఎక్కింది. పావని లేచి చేతులు కడుక్కుని, తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆకలేస్తోందమ్మా."

వరహాలమ్మ నిలబడ్డ చోటే ఉండిపోయింది. కన్నది, పెంచింది, ఇంతదాన్ని చేసింది. ఆ మాట మాత్రం కూతురి నోట ఎన్నడూ వినలేదు. వినేంతవరకు ఆగింది ఎప్పుడు గనక? పెట్టుకుని తినవే అంది. పావని లోపలికి వెళ్ళింది. కంచం తీసిన చప్పుడూ, చారులో గరిటె తగిలిన చప్పుడూ వినిపించాయి. తల్లి కాళ్ళు రెండుసార్లు వంటింటి వైపు కదిలి ఆగిపోయాయి. కళ్ళు తుడుచుకుంటూ గురువుగారి వైపు తిరిగి, ఆ రోజు నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు అయ్యగారూ అంది.

కూర్మనాథంగారు టబ్బు మీద గోనె సర్దారు.

"మూత వెయ్యండమ్మా," అన్నారు. "అవి భోంచేస్తున్నాయి."