ఎనభై కుండలు

ఖలీల్‌కు పాఠం దక్కడం లేదు.

లతీఫ్ బాబా తెల్లవారగానే దర్గా అరుగు మీద కూర్చుని శిష్యులకు పాఠం చెప్పేవారు. సరిగ్గా అదే వేళకు ఖలీల్ భుజాన కావడితో దిగుడుబావి మెట్లెక్కుతూ ఉండేవాడు. గులాబీ తోట అతని వంతు. నలభై మొక్కలు, పూటకో కుండ, రోజుకు ఎనభై కుండలు. వచ్చి మూడు నెలలైనా ఒక్క పాఠం వినలేదు. తొలకరి పడగానే బాబా దేశాటనకు వెళ్ళిపోతారు. ఇక ముప్పై రోజులే ఉన్నాయి.

ఒక బుధవారం ఉండబట్టలేక అడిగేశాడు.

"బాబా, నాకు పాఠం ఎప్పుడు?"

"తోట నిన్ను వదిలినప్పుడు."

"అదెక్కడ వదులుతుంది బాబా! ఎనభై పోసినా సాయంత్రానికి నేల నోరు తెరుస్తోంది. రేపటి నుంచి నూట ఇరవై పోస్తాను. నా పనికి మాత్రం వంక పెట్టలేరు. తోటలో ఒక్క ఎండుటాకు చూపించండి!"

నిజమే. గురువారం జనం వస్తారని ఖలీల్ తోటను వాకిలిలా ఊడ్చేవాడు. చుట్టూ ఉన్న కానుగ చెట్లు రాల్చిన ఆకునంతా మూలకు చేర్చి, బుధవారం నిప్పు పెట్టేవాడు. ఆ రోజు గుట్ట నడుమెత్తు ఉంది.

బాబా లేచారు. చేతికర్ర ఎత్తి కావడి కుండ మీద ఒక్కటి వేశారు. ఫెళ్ళుమంది. రెండో కుండ మీద ఇంకొకటి.

 కోపంగా ఉన్నారా అని ఖలీల్ చూస్తే బాబా ముఖం మామూలుగానే ఉంది. ఆయన గుట్టలోంచి తట్టతో ఆకు ఎత్తి, అద్దంలా ఊడ్చిన పాదుల్లో జానెడు మందాన గుమ్మరించసాగారు. ముప్పై ఆరో మొక్క దగ్గర ఆకు అయిపోయింది.

"బాబా! రేపు జనం చూస్తే ఏమంటారు? నీళ్ళు లేకపోతే ఇవన్నీ చస్తాయి!"

"నాలుగు రోజులు తోటలో అడుగు పెట్టకు. పొద్దున అరుగు మీదికి రా."

ఖలీల్ వచ్చాడు, కూర్చున్నాడు. చెవిన పడిన ఒక్క ముక్కా తలకెక్కలేదు. పక్కనున్న శిష్యుడు రసూల్ మోచేత్తో పొడిచాడు. "ఏం భాయ్, చచ్చిన నీ గులాబీలకు ఫాతెహా ఎప్పుడు చదువుదాం?"

అయిదో రోజు పొద్దున్నే తోటలోకి పరుగెత్తాడు.

చివరి నాలుగు మొక్కలు తలలు వేలాడేశాయి. వాటి పాదులు బీటలు వారాయి. ఖలీల్ మెల్లగా ఆకు కప్పిన మొక్కల వైపు తిరిగాడు.

ముప్పై ఆరూ నిలబడే ఉన్నాయి. ఒకటి మొగ్గ కూడా వేసింది.

నమ్మలేక ఆకుల కిందికి చెయ్యి పోనిచ్చి, పాము తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ పెట్టాడు. చల్లగా ఉంది. మన్ను వేళ్ళకు అంటుకుంది. అందులో వానపాము కదిలింది.

వెనక బాబా గొంతు వినిపించింది. "నాలుగు రోజుల్లో ఎన్ని కుండలు పోశావు?"

ఖలీల్ భుజం మీద కావడికి కాయ కాసిన చోటు తడుముకున్నాడు. ఎదురుగా గోడకు ఆనించిన చీపురు కనిపించింది. 

"నేల మీది ఆకు దుప్పటి లాగేసిన చెయ్యే నీళ్ళు మోసింది," అన్నారు బాబా, తట్ట అందుకుంటూ. "పద. ఆ నాలుగింటికి ఆకు ఏరుకొద్దాం."