కొఠారు అధికారికి హారతి

చదువుకుంటానన్న మనిషి నోటి దగ్గర కూడు లాగేసే రాజ్యాన్ని మీరెప్పుడైనా చూశారా?

అద్దకం తొట్ల ఘాటుకి ఊపిరితిత్తులు చెడి, గవరమ్మకి పని పోయింది. పని వెతుక్కునేవాళ్లకి మళ్లీ పని దొరికేదాకా ఇచ్చే గింజలు రాజుగారి కొఠారు నుంచి ఆమెకీ వచ్చేవి. ఊరికే కూర్చుని తినలేక వైద్యశాలలో మంత్రసాని చదువుకి చేరింది. అంతే, కొఠారు అధికారి పేర్రాజు గింజలు ఆపేశాడు.

"బడిలో కూర్చున్నదానివి పని కోసం చూస్తున్నట్టెలా అవుతుందే? చదువు మానెయ్, పెడతాను" అన్నాడు.

ఇంట్లో పిల్ల ఆకలంటోంది. అక్కడ పాఠం సాగిపోతోంది. గవరమ్మకి కాలు నిలవలేదు. మర్నాడు రాజుగారు కొఠారు చూడ్డానికి వస్తే, ఆయన్ని దాటుకుని వెళ్లి పేర్రాజుకి కర్పూర హారతి పట్టింది.

"అతనికెందుకమ్మా హారతి?" అన్నాడు రాజు.

"చదువు పూర్తయితే నా కూడు నేనే సంపాదించుకుంటాను మహాప్రభో. అందాకా ఓ ఏడాది పెడితే చాలు. ఈ అయ్యగారేమో చదువు మానేస్తేనే పెడతానన్నారు. అద్దకం చెయ్యలేను, వేరే పని రాదు. అంటే చచ్చేదాకా మీ కొఠారు మీదే నా బతుకు. ఇంత ధర్మాత్ముణ్ణి ఎక్కడా చూళ్లేదు."

"గింజలు మిగుల్చుదామనే ప్రభూ..." అంటూ పేర్రాజు నసిగాడు.

"బాగానే మిగిల్చావు" అని, రాజు అక్కడికక్కడే గింజలు కొలిపించి ఆమెని పాఠానికి పంపాడు.

ఇలాంటి నియమం మీ ఊళ్లోనూ ఉంటే, రేపే నలుగురూ కలిసి ఆ కచేరీకి వెళ్లండి. చదివిస్తే ఎన్నాళ్లు పెట్టాలి, మాన్పిస్తే ఎన్నాళ్లు పెట్టాలి అని అడగండి. జవాబు చెప్పేదాకా అక్కణ్ణించి లేవకండి.