పిలిస్తే రాని పిల్లి

రండర్రా, ఇట్లా ముందుకు జరగండి. అంత దూరాన కూర్చుంటే నా మాట మీకు అందదు. ఓయ్, ఆ గోడకు ఆనుకోకు, చొక్కాకు సున్నం అంటుకుంటుంది. చాప మీద చోటుంది, సర్దుకుని కూర్చోండి. ఊఁ కొట్టేవాళ్ళు ముందు, కునికిపాట్లు పడేవాళ్ళు వెనక. ఊఁ, అయిందా? వినండి మరి.

ఒకప్పుడు, పిల్లి అంతగా మాట వినే జంతువు ఈ భూమ్మీద ఇంకోటి ఉండేది కాదు. "దా" అంటే చాలు, నోటి దగ్గరి ఎలుకను కూడా వదిలేసి పరుగెత్తుకొచ్చేది. కూర్చోమంటే కూర్చునేది, దొర్లమంటే దొర్లేది. ఆ కాలంలో కుక్కలే మొద్దులు. "మా వాడు పిల్లిలాగా చెప్పిన మాట వింటాడమ్మా" అని తల్లులు మురిసిపోయేవాళ్ళు.

ఆ కాలంలోనే ఓబన్న అని గంగిరెద్దును ఆడించేవాడొకడు ఉండేవాడు. ఆయన ఎద్దు పేరు బసవన్న. ఆయన కూతురు పేరు సుంకులు. తల్లి లేని పిల్ల. ముగ్గురూ సంత నుంచి సంతకు తిరిగేవాళ్ళు. ఏ ఊరు వెళ్ళినా ఊరి బయట తుమ్మచెట్ల కింద గుడారం వేసుకునేవాళ్ళు.

ఒకనాడు ముళ్ళకంపలో చిక్కుకుని ఏడుస్తున్న పిల్లికూన సుంకులుకు దొరికింది. జున్ను రంగులో మెత్తగా ఉంది. అందుకని దానికి జున్ను అనే పేరు పెట్టింది.

"నాయనా, నువ్వు బసవన్నకు నేర్పినట్టు నేను దీనికి నేర్పుతా" అంది.

ఓబన్న నవ్వాడు. "నేర్పు తల్లీ. కట్టె మాత్రం పట్టొద్దు. కట్టెతో చెప్తే భయం నేర్చుకుంటాది. చెవిలో చెప్తేనే విద్య నేర్చుకుంటాది."

సుంకులు కట్టె పట్టలేదు. పాలన్నం ముద్ద చేతిలో పెట్టుకుని, జున్ను చెవి దగ్గర పెదాలు పెట్టి, మెల్లగా చెప్పేది. "దా" అంది. వచ్చింది. "దండం పెట్టు" అంది. ముందుకాళ్ళు రెండూ ఎత్తింది. తప్పు చేసినా ముద్ద పెట్టేది, ఒప్పు చేస్తే ఇంకో ముద్ద పెట్టేది.

"ఇట్లయితే దానికి ఆట రాదు, పొట్ట వస్తాది" అన్నాడు బసవన్న నెమరువేస్తూ.

"నీకు కుళ్ళు మామా! నీకు ఎండుగడ్డి, నాకు పాలన్నం" అంది జున్ను మూతి నాక్కుంటూ.

కొన్నాళ్ళకు జున్ను బసవన్న కొమ్ముల నడుమ కూర్చుని దండం పెట్టడం నేర్చుకుంది. సంతలో జనం దాన్ని చూడడానికే వచ్చేవాళ్ళు.

గంగిరెద్దు ఆటలో అన్నిటికంటే గొప్ప ఘట్టం ఒకటుంది. ఆడించేవాడు నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. అంత పెద్ద ఎద్దు తన ముందుకాలు ఎత్తి అతని గుండెల మీద పూవులాగా ఆనిస్తుంది. బరువు వెయ్యదు. ఎద్దు కొంచెం తూలిందా, మనిషి లేడు.

ఆ రోజు ఓబన్న అలాగే పడుకున్నాడు. బసవన్న కాలు ఆనించాడు. కొమ్ముల నడుమ జున్ను కదలకుండా కూర్చుంది. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

అప్పుడు "జున్నూ, దా!" అని వినిపించింది.

అచ్చం సుంకులు గొంతే. జున్ను ఒక్క దూకు దూకింది. దాని గోళ్ళు బసవన్న కన్ను పక్కన గీసుకున్నాయి. బసవన్న ఉలిక్కిపడ్డాడు. కాలు జారింది. ఓబన్న పక్కకు దొర్లకపోతే ప్రాణమే పోయేది. భుజం మాత్రం చితికింది.

పిలిచింది సుంకులు కాదు. పక్కనున్న బండి కాడి మీద గోరింక కూర్చుని కిచకిచ నవ్వుతోంది. "ఎట్లుంది నా గొంతు? నేనూ ఆటగత్తెనే!"

"నీ ఆట మండిపోను! మనిషి చచ్చేవాడు కదే!" అని అరిచింది సుంకులు. ఓబన్న నెత్తురు చూశాక గోరింక నవ్వు ఆగిపోయింది. తల దించుకుని ఎగిరిపోయింది.

జున్ను గుడారం మూలన ముడుచుకుని కూర్చుంది. పాలన్నం ముట్టలేదు.

"దాన్ని తిట్టొద్దు తల్లీ" అన్నాడు ఓబన్న, భుజానికి ఆకుపసరు పూయించుకుంటూ. "తప్పు మనది. ఎద్దుకు మేము మొదట నేర్పేది ఆట కాదు. ఒక్క గొంతు నేర్పుతాం. సంతలో వెయ్యిమంది అరుస్తారు. ఎద్దు వాళ్ళందరి మాట వింటే నా గుండెల మీద కాలు నిలుస్తాదా? నువ్వు పిల్లికి ఆటలన్నీ నేర్పినావు. ఆ ఒక్కటీ నేర్పలేదు."

ఆ రోజు నుంచి సుంకులు అది నేర్పడం మొదలుపెట్టింది.

"జున్నూ, నా గొంతు బాగా విను. ఇదే నా గొంతు. దీనికి రవ్వంత తేడా ఉన్నా అది నేను కాదు. అప్పుడు రావొద్దు. దేవుడు దిగొచ్చి పిలిచినా రావొద్దు. వస్తే నాయన చచ్చిపోతాడు. తెలిసిందా?"

"తెలిసింది" అంది జున్ను. నాయన భుజం మీది కట్టు చూసినప్పుడల్లా దానికి ఇంకా బాగా తెలిసేది.

ఓబన్న పిలిచాడు. జున్ను చెవి తిప్పింది, రాలేదు. ఊరి పిల్లలు సన్న గొంతులు పెట్టి పిలిచారు. చెవి తిప్పింది, రాలేదు. సుంకులే ముక్కు మూసుకుని పిలిచింది. అప్పుడూ రాలేదు! ముక్కు వదిలి పిలిస్తే ఒక్క ఉరుకున వచ్చి ఒళ్ళో పడింది.

"నాయనా, చూసినావా? నన్నే నమ్మలేదు!" అని సుంకులు చప్పట్లు కొట్టి ఎగిరింది.

ఎండాకాలం వచ్చింది. వడగాలి కొట్టింది. సుంకులు మంచం పట్టింది. ఒళ్ళు పెనంలా కాలింది. గొంతు లోపల వాచిపోయి, నీళ్ళు కూడా దిగడం కష్టమైంది.

ఓబన్న జున్నును ఎత్తుకొచ్చి బయట బండి మీద కూర్చోబెట్టాడు. "సుంకులు పిలిచేదాకా లోపలికి రావొద్దు. బిడ్డను నిద్రపోనీ" అన్నాడు. బిడ్డ పక్కన నీళ్ళముంత పెట్టి, మందాకు కోసం కొండకు పరుగెత్తాడు.

జున్ను గుడారం వైపే చూస్తూ కూర్చుంది. ఎప్పుడు పిలుస్తుందా, ఎప్పుడు వెళ్దామా అని తోక చివర కొట్టుకుంటోంది. ఎండ నడినెత్తికి వచ్చింది.

అప్పుడు లోపలి నుంచి ఒక పిలుపు వచ్చింది.

"జున్నూ... దా..."

గరగరమని, ఎండుటాకు నేల మీద ఈడ్చినట్టు ఉంది ఆ గొంతు. జున్ను ఒక చెవి తిప్పింది. లేవబోయింది. మళ్ళీ కూర్చుంది.

"ఇది మా సుంకులు గొంతు కాదు" అనుకుంది. "గోరింకే. మళ్ళీ వచ్చింది."

"జున్నూ..."

"వెళ్ళవే పిల్లా" అన్నాడు బసవన్న. "నాకెందుకో గుండె పీకుతోంది."

"నువ్వే అట్లంటే ఎట్లా మామా? వేరే గొంతుకు నువ్వు కాలు కదిలిస్తావా?"

బసవన్న పుట్టినప్పటి నుంచీ బతికింది ఆ మాట మీదే.

అంతలో తుమ్మకొమ్మ మీద నుంచి గోరింక దిగి, జున్ను కళ్ళ ముందే వాలింది. "ఓ పిల్లమ్మా, నేను కాదే! నా నోరు చూడు, మూసే ఉంది. పిలుపు మాత్రం లోపలి నుంచి వస్తోంది."

"మీ జాతిలో నువ్వొక్కదానివేనా? లోపల మీ అక్క ఉందేమో, చెల్లి ఉందేమో. పో!"

గోరింక ఏడ్చింది. ఒకసారి అబద్ధం ఆడిన నోటితో నిజం చెప్తే ఎవరు నమ్ముతారు?

వడగాలి గుడారం సందులోంచి బయటికి వచ్చింది. "నేను ఆ పిల్ల పెదాల మీంచే వస్తున్నాను జున్నూ. ఆ పిలుపు ఆమెదే. ఆలస్యం చెయ్యకు" అంది.

"గాలి మాటలు నేను నమ్మను" అంది జున్ను. గోళ్ళు బండి చెక్కలోకి దించి, గట్టిగా పట్టుకుని కూర్చుంది. కాళ్ళు వెళ్దామంటున్నాయి. చెవులు వద్దంటున్నాయి. కదిలితే నాయన చచ్చిపోతాడు అని మనసులో అనుకుంటూనే ఉంది.

లోపల పిలుపు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. తర్వాత వినిపించలేదు.

ఓబన్న ఆకు పట్టుకుని రొప్పుతూ వచ్చేసరికి సుంకులు కళ్ళు సగం మూసుకుని ఉంది. ఆయన బిడ్డ తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"తల్లీ, మందు తెచ్చినా. నోరు తెరువు."

"జున్ను రాలేదు నాయనా" అంది సుంకులు, ఆ గరగర గొంతుతోనే. "దాన్ని తిట్టొద్దు. నేనే అట్ట నేర్పినా." కాసేపు ఊపిరి తీసుకుని మెల్లగా నవ్వింది. "ఎంత బాగా నేర్చుకునిందో, చూడు."

అదే ఆ పిల్ల ఆఖరి మాట. మందాకు ఓబన్న చేతిలోనే ఉండిపోయింది.

ఆయన బయటికి వచ్చి బండి దగ్గర నిలబడ్డాడు. జున్ను మీద చెయ్యెత్తలేదు. కూతురు వద్దని చెప్పి పోయింది కదా.

"అది నీ సుంకులు గొంతేనే పిచ్చిదానా" అన్నాడు. "జ్వరానికి మారిపోయింది. గొంతు మారుతాదని నేనూ నీకు చెప్పలేదు, సుంకులూ చెప్పలేదు. మాకూ తోచలేదు."

జున్ను ఎవరూ పిలవకుండానే లోపలికి పరుగెత్తింది. సుంకులు గుండెల మీదికి ఎక్కింది. ముందుకాళ్ళతో ఒకటి తర్వాత ఒకటి మెత్తగా నొక్కింది. లే, లే అని నొక్కింది. వచ్చినాను, చూడు అని నొక్కింది. సుంకులు లేవలేదు.

ఆ తర్వాత ఓబన్న ఏ సంతలోనూ దాన్ని ఆడించలేదు. ఊళ్ళలో పిల్లికూనలన్నీ దాని చుట్టూ చేరి, "పెద్దమ్మా, మాకూ ఆటలు నేర్పవా? దండం పెట్టడం నేర్పవా?" అని అడిగేవి.

జున్ను తల అడ్డంగా ఊపేది.

"వద్దు బిడ్డా. పిలుపును నమ్మి ఒకసారి నాయన నెత్తురు కళ్ళచూసినాను. నమ్మక ఒకసారి నా సుంకులును పోగొట్టుకున్నాను. ఇక పిలుపుతో మనకు పని లేదు. ఎవరైనా పిలిస్తే చెవి తిప్పి వినండి, అంతే. మనం ఎవరికి కావాలో మనమే చూసుకుందాం. పిలిచేదాకా ఆగకుండా మనమే పోదాం."

కూనలు ఆ మాట తమ కూనలకు చెప్పాయి. అవి తమ కూనలకు చెప్పాయి.

అప్పటినుంచే పిల్లికి ఎన్ని ఆటలు నేర్పినా నేర్చుకోదు. పేరు పెట్టి పిలిస్తే దానికి వినపడుతుంది, ఒక చెవి ఇటు తిప్పుతుంది, కానీ రాదు. అదే, మీరెప్పుడైనా జ్వరమొచ్చి దుప్పటి కప్పుకుని పడుకున్నారనుకోండి, ఎవరూ పిలవకుండా మెల్లగా వచ్చి గుండెల మీదికి ఎక్కుతుంది. ముందుకాళ్ళతో నొక్కి నొక్కి చూస్తుంది. మీరు కదిలితేనే పడుకుంటుంది.

సరే, కళ్ళు తుడుచుకుని లేవండి. ఇళ్ళలో సంగటి చల్లారిపోతోంది, అమ్మలు నన్ను తిడతారు. పోయి తినండి. తినేటప్పుడు గడప దగ్గర పిల్లి కూర్చుని ఉంటే, దా దా అని పిలవకండి. ఒక ముద్ద పక్కన పెట్టి ఊరకుండండి. అదే వస్తుంది.