నల్లికి టీకా పట్టిందా?

హుసేన్ పీరు శిష్యుడు దస్తగిరికి నల్లి మీద అనుమానం. వాళ్లుండే కొండమీది దర్గాలో పెరిగిన కుక్క అది, నాలుగు పిల్లల తల్లి. నీళ్లు తాగకపోతే అనుమానం, ఆవలించినా అనుమానమే.

పిచ్చికుక్క రోగం రాకుండా టీకా వేయించాం కదయ్యా అని గురువు అంటే, "వేస్తే సరా? ఒంటికి పట్టొద్దూ?" అనేవాడు.

వాడి పోరు పడలేక పశువుల డాక్టరమ్మ నల్లి రక్తం తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చేదాకా దాన్ని పిల్లలకు దూరంగా గుంజకు కట్టేశాడు దస్తగిరి. పాలివ్వడానికి రెండు పూటలా వదిలేవాడు, అదీ చేతిలో కర్రతో. పాపం, పిల్లలు పొద్దస్తమానం ఏడుస్తూనే ఉండేవి.

ఆ రోజు డాక్టరమ్మే కాగితం పట్టుకొచ్చింది. "టీకా బాగా పట్టింది. ఇక విప్పెయ్."

"ఆ రక్తం నల్లిదేనని ఏం నమ్మకం?"

"దాని మెడ పట్టుకుని కూర్చున్నది నువ్వే కదయ్యా!"

"దారిలో సీసా మారిపోయుంటే?"

"ఓరి నీ అనుమానం పాడుగాను!"

దస్తగిరి పక్కనే కూర్చున్న గురువు వైపు తిరిగాడు. "సామీ, దీన్ని కొండ దించేయండి. పిల్లల్ని నేను సాకుతాను."

గురువు హుసేన్ పీరు లేచి, దస్తగిరి పడుకునే గదిలోకి వెళ్లి, గూట్లోంచి మసిపట్టిన చీటీ తెచ్చాడు. పదిహేను రోజుల కిందట సంతలో ఏదో కుక్క దస్తగిరిని కరిస్తే ఆస్పత్రివాళ్లు ఇచ్చిన చీటీ అది. సూదులకు నాలుగు తేదీలున్నాయి. ఒక్కదానికే టిక్కు పడింది.

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "మిగతావి వేయించుకోలేదా?"

"సామి తావీజు కట్టారు కదమ్మా. ఇంకెందుకు?" దస్తగిరి జబ్బ చూపించాడు.

"ధైర్యానికి కట్టాను. సూదులకు వెళ్తున్నావనే అనుకున్నాను. అడక్కపోవడం నా తప్పు," అన్నాడు గురువు. వాడి జబ్బ మీది దారం ముడి విప్పసాగాడు.

"అయ్యో సామీ, తీయకండి! అదే కదా నన్ను కాపాడుతున్నది!"

గురువు చెయ్యి ఆపాడు.

"ఇది నీ ఒంటికి పట్టిందా?"

"పట్టింది సామీ."

"ఏ పరీక్షలో చూశావు?"

దస్తగిరి చీటీ చేతిలోకి తీసుకున్నాడు.

ఆస్పత్రికి పదమని డాక్టరమ్మ స్కూటరు తీసింది. దస్తగిరి రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, కర్ర లేకుండానే నల్లి దగ్గర కూర్చున్నాడు. తాడు విప్పాడు. తర్వాత వెళ్లి స్కూటరు ఎక్కాడు.